ఉప్పుగాలి తోటలో బాలబందు తీగ: నాటిన తీరు, నిలిచిన తీరు

సముద్రపు ఒడ్డున ఉన్న తోటల్లో ఏ మొక్క చనిపోయినా నింద ముందుగా నేలలోని ఉప్పు మీదకే వెళుతుంది. ఈ కేసులోని తోట విషయంలోనూ మాకు మొదట వినిపించిన మాట అదే. ఇసుకతిన్నెకు వెనుక, అలల గీతకు చాలా దగ్గరలో ఉన్న ఆ స్థలంలో అంతకు ముందు బయటి నుంచి ఎర్రమట్టి తెచ్చి పోసి, పచ్చిక పరిచి, వరుసగా పూలమొక్కలు నాటారు. వాటిలో ఒక్కటీ రెండో ఎండాకాలం దాటలేదు. పోసిన మట్టిలో కొంత గాలికి ఎగిరిపోయింది, మిగిలినది ఇసుక మీద గట్టి పెంకులా బిగుసుకుంది. యజమానులు అడిగినవి రెండే: ఇంటి వైపు కొట్టుకువచ్చే ఇసుక ఆగాలి, ఏడాదిలో ఎక్కువ కాలం పూలు కనబడాలి. ఈ రెంటికీ సరిపడేదిగా మేము ఎంచుకున్నది ఆ తీరంలోనే సహజంగా పెరిగే బాలబందు తీగను. దానిని చెవులపిల్లి తీగ అని కూడా అంటారు. శాస్త్రీయ నామం ఐపోమియా పెస్-కాప్రే.

ఈ తీగ ఉప్పును తట్టుకుంటుందన్నది అందరికీ తెలిసిన విషయమే కాబట్టి దానిని తెచ్చి నాటితే చాలుననుకోవడం సహజం. అయితే ఆ ఓర్పు వేళ్ళు లోతుకు దిగిన ముదురు తీగకు ఉండేదే తప్ప, నిన్న మొన్న మొలిచిన నారుకు గానీ, వేరు పట్టని కాండపు ముక్కకు గానీ ఉండేది కాదు. ఈ కేసులో మేము చేసిన ప్రతి పనీ ఆ మధ్యకాలాన్ని దాటించడానికి చేసినదే. అందుకే నాటిన తర్వాతి మొదటి వారాల గురించి ఇక్కడ ఎక్కువగా, ఆ తర్వాతి సంరక్షణ గురించి తక్కువగా రాస్తున్నాను.

స్థలం: ఇసుక, గాలి, నీరు

మొదట చేసిన పని ఇసుకలోని ఉప్పును కొలవడం. నేలను నీటితో పూర్తిగా తడిపి, అందులోంచి తీసిన నీటి విద్యుత్ వాహకత (ఆ నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే దానిని ఉప్పునేలగా పరిగణించే పద్ధతి 1954లో అమెరికా లవణ పరిశోధనశాల వెలువరించిన కరదీపిక నుంచి వాడుకలో ఉంది. సముద్రపు నీటి వాహకత సుమారు 50 డెసీసీమెన్లు ఉంటుంది. మా స్థలంలో తిన్నెకు వెనుకనున్న ఇసుక, వేరు పెరిగే లోతులో, ఆ 4 అనే గీతకు చాలా కింద ఉంది. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. ముతక ఇసుకలో బంకమట్టి రేణువులు దాదాపుగా ఉండవు కాబట్టి సోడియంను పట్టి ఉంచేది ఏదీ ఉండదు. ఒక మంచి వాన పడితే పైపొరల ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది. తోటలో వాహకత నిజంగా ఎక్కువగా కనిపించినది పాత ఎర్రమట్టి పెంకులా మిగిలిన చోట్లలోనే. ఆ బంకమట్టి గాలిలో వచ్చిన ఉప్పును పట్టి ఉంచింది, కింది నుంచి తేమను పైకి లాగింది, ఆవిరైన తర్వాత ఉప్పును పైపొరలోనే మిగిల్చింది. మేలు చేస్తుందనుకుని తెచ్చిన మట్టే ఆ తోటలో ఉప్పునేలను తయారు చేసింది. దానిని పారలతో తవ్వి తీసివేయించడానికి మిగతా పనులన్నిటికంటే ఎక్కువ కూలి అయింది. ఖర్చు తగ్గించుకోవాలని చూసేవారికి నేను చెప్పగలిగినది ఒకటే: ఇసుకను ఇసుకగానే ఉండనివ్వండి.

ఇక గాలి. అలలు విరిగేచోట నీటి బుడగలు పగిలి, సన్నని ఉప్పు తుంపర గాలిలో కలుస్తుంది. అది ఆకుల మీద పడి ఆరి, మళ్ళీ మంచుకు తడిసి, గాలి ఒరిపిడికి ఆకు మీద ఏర్పడిన కంటికి కనబడని గీతల గుండా లోపలికి దిగుతుంది. ఆకు కొనల్లోనూ అంచుల్లోనూ క్లోరైడు పేరుకుని, అక్కడి నుంచి ఆకు మాడడం మొదలవుతుంది. తీరపు తిన్నెల మీద ఏ మొక్క ఎంత ముందుకు రాగలదో నిర్ణయించడంలో నేలలోని ఉప్పుకంటే ఈ తుంపర పాత్ర పెద్దదని వృక్ష పరిశోధకులు ఊస్టింగ్, బిల్లింగ్స్ 1942లో అమెరికాలోని ఉత్తర కరోలినా తీరంపై ప్రచురించిన అధ్యయనంలో చూపారు. మాకు ఇది పుస్తకజ్ఞానంగా మిగిలిపోలేదు. తోటలో ఇంకా మిగిలిన పాత చెట్ల మాడును జాగ్రత్తగా చూస్తే అది సముద్రం వైపు ఆకుల్లోనే, గాలి తగిలే ఎత్తులోనే ఉంది. గోడ చాటున ఉన్న కొమ్మలు అదే వేరు మీద, అదే ఇసుకలో, పచ్చగానే ఉన్నాయి. నేలలోని ఉప్పే కారణమైతే మాడు చెట్టంతా ఉండాలి కదా.

మూడవది బావి. తీరపు ఇసుక కింద మంచినీరు సముద్రపు నీటి మీద తేలుతూ ఒక పలుచని పొరగా ఉంటుంది. రెండు నీళ్ళ సాంద్రతల్లో ఉన్న స్వల్పమైన తేడా వల్ల, భూగర్భజల మట్టం సముద్రమట్టానికి ఒక అడుగు పైన ఉంటే కింద సుమారు 40 అడుగుల మంచినీరు ఉంటుందని గైబెన్–హెర్జ్‌బర్గ్ సూత్రం చెబుతుంది. ఇందులోని మెలిక ఏమిటంటే, పైమట్టం ఒక అడుగు దిగితే కింది నుంచి ఉప్పునీరు 40 అడుగులు పైకి వస్తుంది. వాన వెలిసిన రోజుల్లో తియ్యగా ఉండే ఆ బావి ఎండాకాలం చివరికి, మోటారు ఎక్కువసేపు నడిచినప్పుడు, నోట పెట్టలేనంత ఉప్పగా మారేది. అంతకుముందు పచ్చికకు రోజూ పోసింది ఆ నీళ్ళే. అందువల్ల, ఎక్కువ నీరు పెట్టి తీగను కాపాడడం అన్న ఆలోచనను మేము మొదట్లోనే పక్కన పెట్టాం. నీరు తక్కువ కాలం, వానాకాలానికి ఆనుకుని, ఒక పరిమితితో మాత్రమే ఇవ్వాలని నిర్ణయించాం.

ఎందుకు ఈ తీగ

ఉష్ణమండలపు సముద్రతీరాల్లో దాదాపు ప్రపంచమంతటా కనిపించే మొక్క ఇది. గింజలు ఉప్పునీటిలో తేలుతూ చాలా కాలం బతికే ఉండడమే ఈ విస్తృతికి ప్రధాన కారణం. 1883లో ఇండొనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలి ఆ దీవి మీది పచ్చదనమంతా నశించిన తర్వాత, ఒడ్డున మళ్ళీ తలెత్తిన తొలి మొక్కల్లో ఇది ఒకటి. తల్లివేరు లావుగా లోతుకు దిగుతుంది. నేల మీద పాకే కాండం ప్రతి కణుపు దగ్గరా వేళ్ళు వేయగలదు, అనువైన చోట పది మీటర్లు దాటి సాగుతుంది. ఆకు దళసరిగా, నున్నగా, మేక గిట్టలా చీలి ఉంటుంది. తుంచితే పాలు కారుతాయి. పువ్వు ఊదా ఛాయ కలిసిన గులాబీ రంగులో, గొంతు దగ్గర మరింత ముదురు రంగుతో, గరాటు ఆకారంలో ఉంటుంది. ఉదయం విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. పూలు చూడాలనుకునేవారు పొద్దున్నే తోటలోకి రావలసిందేనని యజమానులకు ముందే స్పష్టంగా చెప్పాం, ఎందుకంటే మధ్యాహ్నం వచ్చే అతిథులకు అక్కడ పచ్చదనం తప్ప రంగు కనబడదు.

ఇసుకను ఆపే పనిలో ఈ తీగ బలం దాని వేళ్ళలో ఎంత ఉందో, పూడినా చావకపోవడంలోనూ అంతే ఉంది. ఇసుక వచ్చి కాండం మీద పడితే ఆ కణుపులు వేళ్ళు దించి, కొన మళ్ళీ పైకి వస్తుంది. ఇతర పూలమొక్కలకు శిక్షగా పరిణమించేది దీనికి ఎరువులాంటిది. ఈ గుణాన్ని తెలిసి వాడుకోవడమే మా నాటు పద్ధతికి ఆధారమైంది.

ఒక అనుమానాన్ని ఇక్కడే తీర్చాలి. ఉప్పును తట్టుకునే మొక్కకు ఉప్పు కావాలేమోనని కొందరు తోటమాలులు నారుకు ఉప్పునీళ్ళు చల్లుతుంటారు. బాలబందుకు ఆ అవసరం లేదు. మంచినీటిలో, మామూలు ఇసుకలో ఇది హాయిగా పెరుగుతుంది. ఇక గింజ మొలకెత్తే దశలో ఉప్పు నేరుగా అడ్డుపడుతుంది. తీరంలో కూడా ఈ గింజలు మొలిచేది వానలు ఇసుకను కడిగిన తర్వాతే.

గింజ, ముక్క

తీగను పెంచడానికి రెండు దారులున్నాయి, రెంటినీ వాడాం. ఒక్కో కాయలో మామూలుగా నాలుగు గింజలు ఉంటాయి. అవి గోధుమ రంగు నూగుతో, బఠాణీ గింజంత ఉంటాయి. వాటి పైపొర నీటిని లోపలికి రానివ్వదు. అలాగే నానబెడితే చాలా గింజలు వారాల తరబడి రాళ్ళలా ఉండిపోతాయి. గింజ కంటికి, అంటే కాయకు అంటుకున్న చోటికి, ఎదురు వైపున గరుకు కాగితంతో లేదా ఆకురాయితో లోపలి తెల్లదనం కొద్దిగా కనబడేదాకా రుద్ది, మంచినీటిలో రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి ఉబ్బుతాయి. ఉబ్బని వాటిని విడదీసి మళ్ళీ రుద్దాలి. ఉబ్బినవి వెచ్చని వాతావరణంలో వారం లోపే మొలకెత్తుతాయి. కంటి వైపు రుద్దితే లోపలి మొలకకు దెబ్బ తగులుతుంది, అందుకే వైపు చూసుకోవడం ముఖ్యం.

నారును పెంచిన సంచులు లోతైనవి, వెడల్పు తక్కువైనవి. తల్లివేరు తొందరగా దిగే స్వభావం గలది కాబట్టి పొట్టి కుండీల్లో అది అడుగున చుట్టలు చుట్టుకుంటుంది, అలా చుట్టుకున్న మొక్క ఇసుకలో నాటాక కూడా ఆ చుట్టను విప్పుకోలేదు. సంచుల్లో తోట ఇసుకనే నింపి, చాలా కొద్దిగా మాగిన కంపోస్టు కలిపాం. నాలుగైదు ఆకులు వచ్చేసరికి, కాండం పాకడం మొదలుపెట్టకముందే, నేలకు మార్చాం. పాకిన తర్వాత మార్చితే పక్క సంచుల్లోకి కణుపులు వేళ్ళు దించి, విడదీయడం కష్టమవుతుంది.

ముక్కల పని సులువు. ముదిరినా పెళుసుగా ఎండిపోని కాండాన్ని జానెడున్నర పొడవున, నాలుగైదు కణుపులుండేలా కోసి, పాలు కారడం ఆగేదాకా నీడలో ఉంచి నాటాం. ఆకులన్నీ ఉంచితే ముక్క నీటిని కోల్పోతుంది కాబట్టి కొనవైపు రెండు ఆకులు మాత్రమే వదిలాం. తీరంలో పెరుగుతున్న తీగల నుంచి ముక్కలు తీసేముందు స్థానిక నియమాలు తెలుసుకోవాలి, చాలాచోట్ల అనుమతి అవసరం. అనుమతి ఉన్నప్పుడు కూడా తిన్నె ముందువైపు, అలల వైపు ఉన్న తీగను ముట్టుకోకుండా, వెనుకవైపు దారుల మీదికి పాకి తొక్కుడుకు గురవుతున్న కాండాలనే తీసుకోవడం మా పద్ధతి.

ముక్కలు సులువైనప్పుడు గింజల శ్రమ ఎందుకన్న ప్రశ్న యజమానుల నుంచే వచ్చింది. ముక్కల నుంచి వచ్చిన మొక్కలన్నీ ఒకే తల్లికి నకళ్ళు. ఐపోమియా ప్రజాతిలో చాలా జాతులు సొంత పుప్పొడితో కాయ కట్టవు, చిలగడదుంప దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. బాలబందు కూడా కాయ కట్టడానికి వేరే మొక్క పుప్పొడి మీద ఆధారపడుతుంది. తోట పడమటి భాగంలో ఒకే తిన్నె నుంచి తెచ్చిన ముక్కలు నాటాం, తూర్పు భాగంలో వేర్వేరు చోట్ల సేకరించిన గింజల నారు నాటాం. మొదట పూసినది ముక్కల భాగమే, అదీ విస్తారంగా. కానీ నారు పూతకు వచ్చేదాకా అక్కడ కాయ దాదాపుగా కనబడలేదు, పూసిన పువ్వు పూసినట్టే రాలింది. రెండు భాగాలూ కలిసి పూయడం మొదలైన తర్వాతే రెండువైపులా కాయలు నిలిచాయి. పూల కోసం మాత్రమే పెంచేవారికి ఇది పెద్ద లోటు కాకపోవచ్చు. తోట తన గింజతో తానే ఖాళీలు పూడ్చుకోవాలని కోరుకునేవారు మాత్రం కనీసం రెండు మూడు వేర్వేరు మూలాల నుంచి మొక్కలు తెచ్చుకోక తప్పదు.

నాటడం, మొదటి వారాలు

నాటే సమయం మీదనే చాలా వరకు ఫలితం ఆధారపడుతుంది. తీరపు ఇసుకలో పైన ఉన్న బెత్తెడు పొర ఎండకు పూర్తిగా పొడిబారుతుంది, మిట్టమధ్యాహ్నం దాని ఉపరితలం 50 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. అయితే ఆ పొడిపొర కింద ఇసుక చల్లగా, తడిగా ఉంటుంది, ఎందుకంటే పైనున్న వదులు ఇసుక కింది తేమను పైకి లాగలేదు. నారుకు గానీ ముక్కకు గానీ చావుబతుకుల తేడా ఈ బెత్తెడు దూరంలోనే ఉంది. మొదటి వానలు ఇసుకను లోతుగా తడిపిన తర్వాత నాటడం ప్రారంభించి, వానలు ముగియడానికి చాలా ముందే ఆపేశాం.

ముక్కను నిలువుగా గుచ్చడం చాలామంది చేసే పద్ధతి. మేము పొడి ఇసుకను పక్కకు తోసి, తడి ఇసుక తగిలేదాకా ఏటవాలు గాడి తీసి, ముక్కలో మూడింట రెండు వంతులు అందులో పడుకోబెట్టి, పైన ఇసుక కప్పి అరికాలితో అదిమాం. ఇలా చేస్తే ఒక్క కణుపుకు బదులు మూడు నాలుగు కణుపులు తడిలో ఉంటాయి. ఒక ముక్కకూ మరొక ముక్కకూ మధ్య దూరం రెండు నుంచి మూడడుగులు. ఇసుక ఎక్కువగా కదిలే ముందువరుసల్లో ఇంకా దగ్గరగా వేశాం. నారును కూడా సంచిలో ఉన్న మట్టం కంటే లోతుగా, బీజదళాల మచ్చలు పూడేలా దించాం. సాధారణ పూలమొక్కల విషయంలో ఇది చేయకూడని పని. పూడికను ఇష్టపడే ఈ తీగకు ఇదే రక్ష.

గాలికి అడ్డుగా కొబ్బరి మట్టల దడి కట్టించాం, అయితే గాలిని పూర్తిగా ఆపేలా కాదు. సందులు లేని అడ్డు వెనుక గాలి సుడి తిరిగి మొక్కల మొదళ్ళ దగ్గరి ఇసుకను తవ్వుకుపోతుంది. సగానికి సగం సందులున్న దడి గాలి వేగాన్ని తగ్గించి ఇసుకను తన కాళ్ళ దగ్గరే పడేస్తుంది. ఎత్తు మోకాలి వరకు చాలు. ఈ దడి ప్రయోజనం ఉప్పు తుంపరను తగ్గించడంలో కంటే ఇసుక రేణువుల దాడిని తగ్గించడంలో ఎక్కువగా కనిపించింది. ఎగిరే ఇసుక లేత ఆకు మీది మైనపు పొరను గీరేస్తుంది, గీరుకున్న ఆకు మీదనే ఉప్పు పనిచేస్తుంది. దడి లేని చివర రెండు వరుసల్లో తొలి ఆకులు మాడిపోయాయి. అయినా పూడిన కణుపులు బతికే ఉన్నందున ఆ వరుసలు ఆలస్యంగానైనా తిరిగి చిగురించాయి.

వానల మధ్య ఎండలు కాసినప్పుడు నీరు పెట్టాం, రోజూ కొంచెం కొంచెంగా కాకుండా, నాలుగైదు రోజులకు ఒకసారి లోతుగా. పైపైన తడిపితే వేళ్ళు పైనే ఉండిపోతాయి. కణుపుల వద్ద కొత్త చిగురు కనబడి, తీగను మెల్లగా లాగితే కదలకుండా పట్టుకుందంటే వేరు దిగినట్టు. అప్పటి నుంచి నీరు తగ్గిస్తూ, ఆ వానాకాలం ముగిసేసరికి పూర్తిగా మానేశాం. ఆ తర్వాతి ఎండాకాలంలో తీగ తన ఆకుల్లో కొంత రాల్చుకుంది. యజమానులు కంగారుపడి బావినీళ్ళు పెడతామన్నారు, వద్దన్నాం. ఆ కాలంలో బావినీరే అన్నిటికంటే ఉప్పగా ఉంటుంది. ఆకు రాల్చడం తీగకు చావు లక్షణం కాదు, పొదుపు. తొలకరికి అదే కాండం నుంచి మళ్ళీ ఆకు వచ్చింది.

ఎరువు విషయంలో ఒక చిన్న పోలిక ఉద్దేశపూర్వకంగానే పెట్టాం. ఒక మడిలో కంపోస్టు బాగా కలిపాం, పక్క మడిని వట్టి ఇసుకగా వదిలాం. కంపోస్టు మడిలో తీగ వేగంగా, పెద్ద మెత్తని ఆకులతో పెరిగింది. చూడడానికి ముచ్చటగా ఉంది కూడా. పెనుగాలులు వీచిన రోజుల తర్వాత ఎక్కువగా మాడినది ఆ మడే, ఆలస్యంగా పూసినదీ అదే. అంతేకాక అందులో కలుపు గడ్డి లేచి తీగను మించి పెరిగింది. వట్టి ఇసుక మడిలో ఆకులు చిన్నవి, దళసరివి, పూలు ముందు. గవ్వపొడి ఎక్కువగా ఉండి పీహెచ్ 8 దాటిన ఒక మూల లేత ఆకులు ఈనెల మధ్య పసుపుబారాయి. ఇది ఇనుము అందక కనిపించే లక్షణం. వేరు లోతుకు వెళ్ళేకొద్దీ అది తానే తగ్గింది, మందేమీ వేయలేదు.

తర్వాతి సంగతులు

తీగ నేలను కప్పిన తర్వాత ఇంటి వైపు ఇసుక రాక బాగా తగ్గింది, దడి తన పని ముగించి పూడిపోయింది. పూత వానల తర్వాత ఉధృతంగా, మిగతా నెలల్లో అక్కడక్కడా ఉంటుంది. పూలకు ప్రధానంగా వచ్చేవి తేనెటీగలూ ఇతర ఈగలూ. ఆకు తొడిమ పైనా రక్షకపత్రాల పైనా కూడా మకరంద గ్రంథులుండడం వల్ల తీగ మీద చీమలు ఎప్పుడూ తిరుగుతుంటాయి. వాటిని చూసి పురుగు పట్టిందనుకుని మందు కొట్టించబోతుంటే ఆపవలసి వచ్చింది. ఆకులకు గుండ్రని చిల్లులు చేసేవి తాబేటి చిప్పలాంటి రెక్కలుండే పెంకుపురుగులు. వాటి వల్ల అందం కొంత చెడుతుంది గానీ తీగకు ముప్పు లేదు. చిలగడదుంపను ఆశించే ముక్కుపురుగు మాత్రం బాలబందు మీద కూడా బతుకుతుంది. దగ్గరలో చిలగడదుంప పండించేవారుంటే ఈ తీగను అక్కడ నాటకపోవడమే న్యాయం. మా స్థలానికి ఆ ఇబ్బంది లేదని ముందే చూసుకున్నాం.

తొక్కుడును ఈ తీగ ఓర్వదు. కాండం విరిగితే ఆ కొన వేరు పట్టి ఉంటే బతుకుతుంది, లేకుంటే ఎండుతుంది. పదే పదే నడిచే దారిలో కొనలు వేరు పట్టే వీలే లేక ఇసుక బయటపడుతుంది, అక్కడి నుంచి గాలి తవ్వకం మొదలవుతుంది. సముద్రం వైపు నడవడానికి చెక్క పలకల దారి ఒకటి వేయించి, దానిని గాలి వచ్చే దిశకు నేరుగా కాకుండా వంకరగా తిప్పాం. నేరు దారి గాలికి కాలువ అవుతుంది.

నీడలో ఇది పూయదు. పెద్ద చెట్ల కింద నాటిన కొన్ని మొక్కలు పొడవుగా సాగి ఎండ వైపు పాకిపోయాయే తప్ప అక్కడ పూవు విప్పలేదు. స్నానాల గది నీళ్ళు చేరే పల్లపు మూలలో తీగ కాండం కుళ్ళింది. ఉప్పునూ కరువునూ తట్టుకునే దీనికి నిలిచిన తడి పనికిరాదు. ఆ మూలలో ఇప్పుడు సెసూవియం (ఉప్పు తడినేలల్లో పాకే దళసరి ఆకుల మొక్క) వేశాం, దాని చిన్న గులాబీ పూలు బాలబందు పూలకు పక్కనే బాగుంటాయి. తిన్నె ముందుభాగంలో తీగ ఒక్కదానినే కాకుండా స్పినిఫెక్స్ గడ్డినీ, అడవి చిక్కుడు జాతి తీగ అయిన కెనవేలియా రోజియానూ కలిపి వేశాం. గడ్డి ఇసుకను నిలువుగా పట్టుకుంటుంది, కెనవేలియా వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలి నుంచి నత్రజనిని అందిస్తాయి, బాలబందు వాటి మధ్య ఖాళీలను అడ్డంగా కప్పుతుంది.

సముద్ర తాబేళ్ళు గుడ్లు పెట్టే ఒడ్డయితే మరో జాగ్రత్త ఉంది. ఈ తీగ వేళ్ళు గూళ్ళలోకి చొచ్చుకుపోయి గుడ్లకు హాని చేయగలవని కరేబియన్ దీవి సెయింట్ క్రాయ్‌లోని తోలు తాబేళ్ళ గూళ్ళపై జరిగిన ప్రయోగాలు చూపాయి. కాబట్టి తోట హద్దు దాటి ఒడ్డు వైపు సాగిన కాండాలను ఏడాదికి ఒకసారి, గూళ్ళ కాలానికి ముందే, చెక్క పలకల అంచు వరకు కోయిస్తున్నాం. కోసిన కాండాలను ఇంటి వెనుక ఇంకా ఇసుక లేస్తున్న చోట గాళ్ళు తీసి నాటిస్తున్నాం.